మూడేళ్ల గడువు, 95 ఏళ్ల పాట

ఐదుగురు కుర్రాళ్ల అమెరికన్ గాయక బృందం ఫ్రాంకీ లైమన్ అండ్ ద టీనేజర్స్ గురించి ఎవరు రాసినా ఒకటే వరుస: చిన్న పిల్లలు, ఒక్క పాట, ఆకాశమంత పేరు, ఆ వెంటనే పతనం. 1956లో వారి పాట ‘వై డూ ఫూల్స్ ఫాల్ ఇన్ లవ్’ అమెరికాలో 6వ స్థానానికి, బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. మరుసటి ఏడాదికే ప్రధాన గాయకుడు లైమన్ ఆ బృందం నుంచి విడిపోయాడు. 1968లో, 25 ఏళ్ల వయసులో, హెరాయిన్ అతని ప్రాణం తీసింది. దీన్ని కీర్తి తలకెక్కిన కుర్రవాడి విషాదంగా చెప్పుకున్నంత కాలం, అసలు అన్యాయం కంటికి ఆనదు.

అన్యాయం ఆ రికార్డు మీది కాగితంలోనే ఉంది. పాట పేరు కింద చిన్న అక్షరాల్లో రచయితల పేర్లు వేస్తారు. ప్రతి ప్రసారానికీ, ప్రతి కొత్త గాయకుడి రికార్డుకీ రాయల్టీ ఎవరికి వెళ్లాలో తేల్చేది ఆ పేర్లే. న్యూయార్క్‌లో ఆ ఐదుగురు పాట రికార్డు చేసేనాటికి ఎవరికీ 16 ఏళ్లు నిండలేదు, లైమన్‌కైతే 13. కాపీరైట్ నమోదులో మాత్రం లైమన్ పక్కన నిలిచిన పేరు నిర్మాత జార్జ్ గోల్డ్‌నర్‌ది. జూదపు అప్పుల్లో కూరుకుపోయిన గోల్డ్‌నర్ తన కంపెనీలను రికార్డు వ్యాపారి మోరిస్ లెవీకి అమ్ముకున్నాక, 1960లలో రచయిత స్థానంలోకి లెవీ పేరు వచ్చింది. పాట పుట్టినప్పుడు ఆ గదిలో లేని మనిషి, డబ్బు పెట్టి కొనుక్కున్నందుకు కవి అయ్యాడు!

1981లో గాయని డయానా రాస్ అదే పాటను మళ్లీ పాడి విజయం సాధించారు. బృంద సభ్యులు హెర్మన్ సాంటియాగో, జిమ్మీ మర్చంట్ 1987లో కోర్టుకెక్కారు. సహరచయితలు వారేనని 1992లో జ్యూరీ తేల్చింది. 1996లో అప్పీలు కోర్టు, పాట ఎవరు రాశారన్న ప్రశ్న జోలికి పోకుండా, దావా వేయడానికి కాపీరైట్ చట్టం ఇచ్చిన మూడేళ్ల గడువు దాటిపోయిందన్న కారణంతో ఆ తీర్పును కొట్టేసింది.

నిర్మాత లేకపోతే ఆ పాట వీధి మలుపు దాటేది కాదనీ, దావాలకు గడువు లేకపోతే ఏ వ్యాపారమూ నిలవదనీ కొందరంటారు. నిర్మాత శ్రమకు ప్రతిఫలం లాభంలో వాటా, రచయిత హోదా కాదు. గడువు వాదానికి జవాబు ఆ చట్టంలోనే ఉంది. ఈ పాట మీద కాపీరైట్ 95 ఏళ్లు, అంటే 2051 చివరిదాకా సాగుతుంది. సొమ్ము చేసుకోవడానికి 95 ఏళ్లు, నాదని చెప్పుకోవడానికి మూడేళ్లా?

1939లోనే కాలిఫోర్నియా కూగన్ చట్టం తెచ్చి బాల నటుల సంపాదనలో కొంత వారి కోసం పక్కన పెట్టించే ఏర్పాటు చేసింది. అది కూలిని కాపాడే ఆలోచన. పిల్లవాడు కూలివాడే కాదు, కర్త కూడా కావచ్చన్న ఊహ అందులో లేదు. మైనరు సృష్టించిన పాటపై రచయిత హక్కు దావాకు, ఆ పాట కాపీరైట్ బతికున్నంత కాలం గడువే ఉండకూడదు. అలాంటి నిబంధన ఉండి ఉంటే, జ్యూరీ తేల్చిన రెండు పేర్లు ఈపాటికి ఆ కాగితం మీదికి ఎక్కి ఉండేవి.