703 ఒక్కటే చూపించకండి

అమెరికా బేస్‌బాల్ దిగ్గజం ఆల్బర్ట్ పూహోల్స్‌ను 2011 డిసెంబరులో మా అభిమాన జట్టు సెయింట్ లూయిస్ కార్డినల్స్ వదులుకోవడం తప్పా కాదా అనే పంచాయితీ మా మిత్రబృందంలో ఇంకా తెగలేదు. ఎవరో ఒకరు అతను కెరీర్ మొత్తంలో కొట్టిన 703 హోమ్ రన్ల (క్రికెట్‌లో సిక్సర్ లాంటి దెబ్బలు) మాటెత్తుతారు. "అట్టిపెట్టుకుని ఉంటే అవన్నీ మన ఖాతాలోనే పడేవి" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది.

ఆ 703లో పెద్ద ముక్కలను విడదీసి చూడండి. కార్డినల్స్‌లో మొదటి పదకొండేళ్లలో 445, బ్యాటింగ్ సగటు .328 (అంటే వెయ్యి అవకాశాలకు 328 హిట్లు). మూడుసార్లు ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు), రెండు వరల్డ్ సిరీస్‌ (బేస్‌బాల్ ఫైనల్) విజయాలు. 2011 సిరీస్‌లో టెక్సస్ గడ్డ మీద ఒకే మ్యాచ్‌లో మూడు హోమ్ రన్లు బాదాడు. ఆ రాత్రి నేనూ అతణ్ని దేవుడనే అన్నాను. తర్వాత లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ జట్టు పదేళ్లకు 24 కోట్ల డాలర్లు రాసిచ్చింది. అక్కడ కొట్టినవి 222, సగటు .256. పాదం నొప్పితో 2013లో ఆడింది 99 మ్యాచ్‌లే. 2021 మేలో, గడువు ఇంకా మిగిలి ఉండగానే, జట్టే సాగనంపింది. అన్నేళ్లలో ఏంజెల్స్ ప్లేఆఫ్స్ గడప తొక్కింది ఒక్కసారి, 2014లో. అదీ మూడు మ్యాచ్‌లకే ఇంటిదారి. పక్కన మైక్ ట్రౌట్ లాంటి మేటి ఆటగాడు ఉండి కూడా!

మరి కార్డినల్స్? 2012 నుంచి 2015 దాకా ఏటా ప్లేఆఫ్స్ ఆడారు. పూహోల్స్ వెళ్లినందుకు పరిహారంగా 2012 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) దక్కిన అవకాశంతో మైకేల్ వాకాను తెచ్చుకున్నారు. ఆ కుర్రాడు మరుసటి ఏడాదే నేషనల్ లీగ్ (కార్డినల్స్ ఆడే లీగ్) ఫైనల్లో ఎంవీపీ అయ్యి, జట్టును వరల్డ్ సిరీస్‌కు చేర్చాడు. ఈ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

"2022లో తిరిగొచ్చి 24 కొట్టలేదా?" అంటారు. కొట్టాడు, 42 ఏళ్ల వయసులో. కానీ ఆ ఒప్పందం ఒక్క ఏడాదికి, 25 లక్షల డాలర్లకు. పైగా నేషనల్ లీగ్‌లో ఫీల్డింగ్ చేయకుండా బ్యాటింగ్ మాత్రమే చేసే వెసులుబాటు శాశ్వతంగా వచ్చింది ఆ ఏడాదే. 2011లో ఆ నిబంధన లేదు. అంటే నొప్పి పాదంతో రోజూ ఫస్ట్ బేస్ దగ్గర నిలబడాల్సిందే, లేదా కోట్లు తీసుకుంటూ బెంచీ మీద కూర్చోవాల్సిందే.

సన్‌రైజర్స్ వార్నర్‌ను వదిలేసినప్పుడు మన హైదరాబాద్ అభిమానులు పడిన బాధ లాంటిదే ఇదీ. కాకపోతే వార్నర్‌ను చివర్లో తుది జట్టు నుంచి కూడా తప్పించి పంపారు. కార్డినల్స్ మాత్రం పూహోల్స్‌ను ఉంచుకోవాలనే చూశారు, ఏంజెల్స్ ధరకు దిగలేదు, అంతే.

నాదేమీ రాతిగుండె కాదు. 2019 జూన్‌లో అతను ఏంజెల్స్ చొక్కాతో కార్డినల్స్ సొంత మైదానం బుష్ స్టేడియంలో అడుగుపెట్టిన రోజు టీవీ ముందే ఉన్నాను. జనం లేచి చప్పట్లు కొడుతూనే ఉన్నారు. కార్డినల్స్ క్యాచర్ (వికెట్ కీపర్ లాంటివాడు) మొలీనా ఆట మొదలుపెట్టే తొందరేమీ లేనట్టు బ్యాటర్ నిలబడే ప్లేటు ముందుకు నడిచివచ్చి పాత స్నేహితుణ్ని కావలించుకున్నాడు. మర్నాడు పూహోల్స్ హోమ్ రన్ కొడితే తమ సొంత జట్టు మీదే కొట్టాడన్న సంగతి మరచి జనం మళ్లీ లేచారు. నా కళ్లూ చెమర్చాయి. అయితే ఆ చప్పట్లు 445కు. ఏంజెల్స్ ఖర్చుపెట్టిన 24 కోట్లకు కాదు.

ఇంకా వాదించాలనుంటే ఆదివారం కాఫీకి రండి. 703 కాకుండా ఇంకో అంకె పట్టుకురండి.