విదేశీ డీలర్ దగ్గర పాత నాణెం కొంటే పన్ను ఉండదా?

మహబూబ్‌నగర్, నల్లగొండ, గద్వాల వైపు పాత నాణేలు సేకరించేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. క్లుప్తంగా అందులో ఉన్నది ఇదీ: "విదేశీ డీలర్ దగ్గర కొంటే మనకు పన్ను లేదు, ఆయన తన దేశంలో కట్టేసి ఉంటాడు. ఐదు వేల లోపు పార్సిల్‌కు డ్యూటీ పడదు. అంతకు మించితే గిఫ్ట్ అని రాయించుకోండి. వందేళ్లు దాటిన వస్తువుకు అసలే లేదు. నాణెం నచ్చకపోతే వెనక్కి పంపేయండి."

మహబూబ్‌నగర్‌కు 1890లో ఆ పేరు వచ్చిందే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీద. ఆయన కాలపు చార్మినార్ బొమ్మ రూపాయి ఒకటైనా తమ దగ్గర ఉండాలని ఇక్కడ కోరుకోని సేకర్త ఉండరు. లండన్ డీలర్ల దగ్గర కూడా ఆ రూపాయలు అమ్మకానికి వస్తుంటాయి. కాలేజీ పిల్లలు, టీచర్లు నెలనెలా కొంత దాచుకుని కొనే వస్తువు అది. ఆ డబ్బును ఇలాంటి మెసేజ్ ఒకటి ముంచుతుంటే చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

మొదటి మాట, "డీలర్ అక్కడే పన్ను కట్టేశాడు". కట్టడు. బ్రిటన్‌లో వ్యాట్ 20 శాతం, కానీ దేశం దాటి వెళ్లే సరుకుకు అక్కడ సున్నా రేటు. అమెరికాలో సేల్స్ టాక్స్ అనేది రాష్ట్రాలు వేసుకునేది. ఓరెగాన్, డెలావేర్, మోంటానా లాంటి ఐదు రాష్ట్రాల్లో రాష్ట్రస్థాయి సేల్స్ టాక్సే లేదు. ఉన్నచోట కూడా డీలర్ నేరుగా విదేశానికి పంపే సరుకు మీద మామూలుగా అది వేయరు. సరుకు ఏ దేశంలో వాడకానికి చేరుతుందో ఆ దేశమే పన్ను తీసుకుంటుంది. ఒకవేళ డీలర్ అక్కడ ఏదైనా పన్ను వసూలు చేసినా, ఇక్కడి కస్టమ్స్ లెక్కలో అది తగ్గదు.

ఇక్కడ పడేది ఎంత? ఏ వస్తువుకు ఎంత సుంకమో చెప్పే పట్టికే కస్టమ్స్ టారిఫ్. నాణేల సేకరణకు సంబంధించిన వస్తువులు అందులో 9705 శీర్షిక కిందికి వస్తాయి. వాటిలో నాణేలకు ఐజీఎస్టీ, అంటే దిగుమతి సరుకు మీద పడే జీఎస్టీ, 5 శాతం. "అయితే ఐదు శాతమేగా" అని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఐజీఎస్టీ కంటే ముందు బేసిక్ కస్టమ్స్ డ్యూటీ, దాని మీద సర్‌చార్జీ ఉంటాయి. పైగా ఈ లెక్క నాణెం ధర ఒక్కదాని మీద మొదలవదు, రవాణా, బీమా కూడా కలుస్తాయి. లెక్క తెలియడానికి బేసిక్ డ్యూటీ 10 శాతం అనుకుందాం. నాణెం 10,000, కొరియర్, బీమా కలిపి 1,500, మొత్తం 11,500. డ్యూటీ 1,150. డ్యూటీలో పదో వంతు సర్‌చార్జీ 115. ఇప్పుడు 12,765 మీద 5 శాతం ఐజీఎస్టీ 638. అన్నీ కలిపితే 1,903 రూపాయలు, అంటే నాణెం ధరలో 19 శాతం. కొరియర్ కంపెనీలు క్లియరెన్స్ ఫీజు వేస్తే అది దీనికి అదనం. కొనేముందే ఈ మొత్తం పక్కన పెట్టుకున్నవాళ్లకు పార్సిల్ గుమ్మం ముందుకొచ్చినప్పుడు టెన్షన్ ఉండదు.

ఐదు వేల మాట ఒకప్పుడు నిజమే. విదేశం నుంచి వచ్చే నిజమైన గిఫ్ట్‌కు ఐదు వేల దాకా మినహాయింపు ఉండేది. దాన్ని అడ్డం పెట్టుకుని ఆన్‌లైన్‌లో కొన్న వస్తువులన్నీ గిఫ్టులై దిగడంతో 2019 డిసెంబర్‌లో ప్రభుత్వం ఆ దారి మూసేసింది. పోస్ట్‌లో గానీ కొరియర్‌లో గానీ గిఫ్ట్ పేరుతో సుంకం లేకుండా రాగలిగేవి ఇప్పుడు ప్రాణరక్షక మందులు, రాఖీలు మాత్రమే. ఆ మెసేజ్ రాసినవాళ్లు పాత రూల్‌ను ఇంకా మోస్తున్నారు. ఇలాంటిది మన దగ్గర మాత్రమే జరగలేదు. తక్కువ ధర పార్సిళ్లకు ఉన్న 15 పౌండ్ల మినహాయింపును బ్రిటన్ 2021 జనవరిలో తీసేసింది, అమెరికా 800 డాలర్లదాన్ని 2025 ఆగస్టులో ఆపేసింది.

గిఫ్ట్ అని రాయించడం, ధర తగ్గించి రాయించడం రెండూ తప్పుడు డిక్లరేషనే. సరుకు జప్తు చేయడానికి, పెనాల్టీ వేయడానికి కస్టమ్స్ చట్టం వీలిస్తుంది. దీంట్లో ఇంకో దెబ్బ ఉంది, దాని గురించి గ్రూపుల్లో ఎవరూ మాట్లాడరు. పది వేల నాణేన్ని వెయ్యి అని రాయిస్తే, పార్సిల్ దారిలో పోయినప్పుడు పరిహారం కూడా ఆ వెయ్యిని దాటదు. మిగతా తొమ్మిది వేలు ఎవరిని అడుగుతారు?

వందేళ్ల మాట ఎక్కడి నుంచి పుట్టిందో ఊహించొచ్చు. పబ్లిక్ మ్యూజియంలో ప్రదర్శనకు తెచ్చే పురాతన వస్తువులకు కస్టమ్స్ మినహాయింపు ఉంది. అది పానగల్లు మ్యూజియం లాంటి సంస్థల కోసం, మన ఇంట్లో ఆల్బమ్ కోసం కాదు. టారిఫ్‌లో వందేళ్లు దాటిన పురాతన వస్తువులకు 9706 అనే శీర్షిక ఉన్నా, నాణెం ఎంత పాతదైనా 9705లోనే ఉంటుంది. అందులోనే వందేళ్లు దాటిన నాణేలకు విడిగా ఒక ఉపశీర్షిక ఉంది. వయసు వల్ల మారేది ఆ నంబరే.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది చివరి సలహా, నచ్చకపోతే వెనక్కి పంపేయమనడం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లకు తగ్గని ఏ నాణెమైనా పురావస్తువే. దాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థకు మాత్రమే ఉంది. ఉల్లంఘిస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, జరిమానా. మహబూబ్ అలీ ఖాన్ 1911లో చనిపోయారు కాబట్టి ఆయన పేరున్న నాణేలన్నీ ఈ గీత దాటేసినట్టే. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి ఏళ్ల నాణేలు కూడా దాటాయి, ఏటా మరికొన్ని దాటుతున్నాయి. "నచ్చలేదు, రిటర్న్ చేస్తున్నా" అని ఆ రూపాయిని కవర్‌లో పెట్టి లండన్‌కు పోస్ట్ చేసే కుర్రాడికి తను చేస్తున్నది నేరమని తెలియదు. ఆ మెసేజ్‌ను ఫార్వర్డ్ చేసే పెద్దవాళ్లకైనా తెలిసి ఉండాలి.

కాబట్టి పరీక్షంతా డబ్బు పంపకముందే జరగాలి. చార్మినార్ రూపాయి బరువు 11.18 గ్రాముల దగ్గర ఉంటుంది, వెండి 81.8 శాతం. రెండు వైపులా ఫొటోలు, తూకం మీద పెట్టి తీసిన ఫొటో అడగండి. ఇవ్వనని డీలర్ అంటే కొనొద్దు. ఇన్వాయిస్‌లో "పాత మెటల్ వస్తువు" అని కాకుండా పాలకుడి పేరు, సంవత్సరం, సేకరణ నాణెం అనే మాట, అసలు ధర రాయించండి. వివరం సరిగ్గా లేకపోతే వేరే శీర్షిక కింద వేరే రేటు పడొచ్చు. డ్యూటీ కట్టిన రసీదును నాణెంతో పాటే దాచుకోండి. రేపు దాన్ని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు అది ఎలా వచ్చిందో చూపించే కాగితం అదే.