నాలుగు గంటలు దాటితే జబ్బేనా? ఆ ఫార్వర్డ్‌లో ఉన్నవి ఒక్కొక్కటీ చూద్దాం

వారం రోజులుగా ఒకటే మెసేజ్ నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. రోజుకు నాలుగు గంటలు దాటి ఆన్‌లైన్‌లో ఉంటే అది వ్యసనమేనట, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుగా ప్రకటించిందట, మన ఏకాగ్రత గోల్డ్‌ఫిష్ కంటే తగ్గిపోయిందట, ఫోన్ చూస్తే డ్రగ్స్ తీసుకున్నట్టే మెదడులో డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుందట, నెట్ మనిషిని ఒంటరిని చేస్తుందట. అది చదివి తెలిసినావిడ ఒకరు కొడుకు చేతిలో ఫోన్ లాగేసుకున్నారు. వాడు అప్పుడు క్లాసు వింటున్నాడు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు జబ్బు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11కి 2019లో ఆమోదం వచ్చింది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఇలాంటి అలవాట్లలో అది జబ్బుగా పేరు పెట్టింది గేమింగ్ డిజార్డర్ (వీడియో గేమ్‌ల వ్యసనం), జూదం వ్యసనం. "ఇంటర్నెట్ వ్యసనం" అనే జబ్బు లేదు. గేమింగ్ డిజార్డర్ అనాలన్నా ఆట మీద అదుపు తప్పాలి, మిగతా పనులన్నీ వెనక్కి పోవాలి, నష్టం కళ్ళముందు కనిపిస్తున్నా ఆపలేకపోవాలి, చదువో ఉద్యోగమో ఇంట్లో సంబంధాలో గట్టిగా దెబ్బతినాలి, ఇదంతా మామూలుగా కనీసం 12 నెలలు సాగాలి. ఇన్ని గంటలు అనే అంకె అందులో ఎక్కడా లేదు. మరి ఈ నాలుగు గంటలు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి? ఆ సంస్థ గంటల లెక్క చెప్పింది అయిదేళ్ళలోపు పిల్లల విషయంలో, 2019లో: రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి కూర్చుని స్క్రీన్ చూసే సమయం గంటకు మించొద్దని. అది పసిపిల్లల ఆటా నిద్రా గురించిన మాట. దాన్ని తెచ్చి ఇంటర్ చదివే పిల్లాడికి అంటగట్టకూడదు.

ఇంకో విషయం, "ఇంటర్నెట్ అడిక్షన్ డిజార్డర్" అనే పేరును 1995లో పుట్టించింది ఇవాన్ గోల్డ్‌బర్గ్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్. సైకియాట్రిస్టులు వాడే జబ్బుల పుస్తకం భాషను అనుకరిస్తూ ఆయన సరదాకి రాశారు. జనం నిజమనుకున్నారు.

గోల్డ్‌ఫిష్ ముచ్చట 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా వేసిన ఒక మార్కెటింగ్ రిపోర్ట్‌తో పాకింది. ఏకాగ్రత నిలిచేది మనిషికి 8 సెకన్లు, చేపకి 9 అని. ఆ అంకెలు వాళ్ళు కొలిచినవి కావు, గణాంకాలు పెట్టే ఒక వెబ్‌సైట్ నుంచి తీసుకున్నవి. తర్వాత విలేకరులు దాని వెనకున్న పరిశోధన కోసం వెతికితే ఏమీ దొరకలేదు.

డోపమైనా? ఇష్టమైన పాట విన్నా అది విడుదలవుతుంది. అంతమాత్రాన పాట మత్తుమందు అయిపోదు.

ఒంటరితనం గురించి మాత్రం కాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే ఈ భయానికి ఒక నిజమైన మూలం ఉంది. 1998లో అమెరికా పరిశోధకుడు రాబర్ట్ క్రౌట్ బృందం పిట్స్‌బర్గ్‌లో కొత్తగా నెట్ పెట్టించుకున్న కుటుంబాలను గమనించి, ఎక్కువ వాడినవాళ్ళలో ఒంటరితనం, దిగులు కొద్దిగా పెరిగాయని చెప్పింది. అది పెద్ద వార్త అయింది. అదే బృందం 2002లో మళ్ళీ చూస్తే ఆ చెడు ప్రభావాలు చాలావరకు కనిపించకుండా పోయాయి, ఈ సంగతి ఎవరూ ఫార్వర్డ్ చేయరు. 2019లో ఎమీ ఆర్బెన్, ఆండ్రూ ప్షిబిల్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు మూడున్నర లక్షలమందికి పైగా టీనేజర్ల డేటా తిరగేశారు. వాళ్ళ మానసిక స్థితిలో ఒకరికీ ఒకరికీ ఉన్న తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడేది మహా అయితే 0.4 శాతం.

అంకెలు పక్కన పెట్టండి. మా పెద్దమ్మ తుంటి ఎముక విరిగి మంచం మీదున్న రోజుల్లో ఫోన్‌ని నీళ్ళ చెంబుకి ఆనించి వీడియో కాల్ పెట్టుకునేది. అటువైపు దూరదేశంలో ఉన్న కూతురు తన పని తాను చేసుకుంటూ ఉండేది, ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కూడా కాదు, మధ్యమధ్యలో "అక్కా, ఉన్నావా?" అని ఈవిడ పిలిస్తే "ఆఁ, ఉన్నానమ్మా" అని అటునుంచి వినిపించేది (మా ఇంట్లో పెద్దకూతుర్ని అక్కా అనే పిలుస్తారు). రోజుకు అయిదారు గంటలు అలాగే. ఆ మెసేజ్ ప్రకారం అది వ్యసనం. నేను ఒప్పుకోను.

అలాగని అంతా బాగుందని అనడం లేదు. కిందికి లాగేకొద్దీ అయిపోకుండా వస్తూనే ఉండే స్క్రోల్‌ను 2006లో తయారుచేసిన డిజైనర్ ఏజా రాస్కిన్ తర్వాత తనే బాధపడ్డారు, దానికి ఆగే చోటు లేదని. నాకూ అది అనుభవమే. రాత్రి పదకొండింటికి ఒక్క అయిదు నిమిషాలని పట్టుకుంటే ఒంటిగంట అయ్యేది, పొద్దున తల దిమ్ముగా ఉండేది, ఆఫీసులో చిన్నమాటకే చిరాకు. చార్జర్ తీసుకెళ్ళి హాల్లో పెట్టా, రాత్రి ఫోన్ అక్కడే ఉంటుంది. వారం చివర్లో ఫోన్ చూపించే గంటలు మునుపటికన్నా పెద్దగా తగ్గలేదు, పగలు పని అంతా అందులోనే కదా. నిద్ర మాత్రం తిరిగొచ్చింది.