పొటెన్షియల్ ఉంది, కరెంటే లేదు

పోయిన వారం హనుమకొండలో ఓ కాలేజీ వాళ్లు సెమినార్ పెట్టారు. అంశం, పాలిమర్ (అంటే ప్లాస్టిక్ జాతి) ఎలక్ట్రానిక్స్‌కు ఉన్న వ్యాపార అవకాశాలు. వేదిక మీది పెద్దలు గంటన్నరలో 'పొటెన్షియల్' అనే మాటను ముప్పయ్యారు సార్లు అన్నారు. నాకు వేరే పని లేదు కాబట్టి లెక్కపెట్టాను. ముప్పయ్యేడోసారి అనబోతుండగా కరెంటు పోయింది.

ఫిజిక్స్ చదివినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. పొటెన్షియల్ అంటే అక్కడ వోల్టేజీ. అది ఎంత ఉన్నా దారి దొరక్కపోతే కరెంటు పారదు. ప్లాస్టిక్ ఆ దారి ఇవ్వదనే కదా వైరుకు దాని తొడుగు వేస్తాం!

ఆ నమ్మకాన్ని 1977లో హిడెకి షిరకావా, అలాన్ మెక్‌డయార్మిడ్, అలాన్ హీగర్ చెడగొట్టారు. పాలిఎసిటిలీన్ అనే ప్లాస్టిక్‌కు అయోడిన్ ఆవిరి పట్టించి, దాని వాహకతను కోటి రెట్లు పెంచారు. 2000లో నోబెల్ ఇచ్చారు. అసలు బీజం 1977కు పదేళ్ల ముందే పడింది. షిరకావా ల్యాబులో పొరపాటున ఉత్ప్రేరకం వెయ్యి రెట్లు ఎక్కువ పడి, రావాల్సిన నల్లపొడికి బదులు వెండిలా మెరిసే పొర వచ్చింది. మా ఇంట్లో పప్పుచారులో ఉప్పు రెండు రెట్లు పడితే మూడు రోజులు మాటలుండవు.

చీకట్లోనే ఓ పెద్దాయన మైకు లేకుండా కొనసాగించారు. వరంగల్‌కు ముడిసరుక్కు కొదవ లేదట. నిజమే. క్యారీబ్యాగు మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదని 2022 చివరి నుంచే రూల్ ఉంది కానీ, మేడారం జాతర మర్నాడు జంపన్నవాగు ఒడ్డున ఎగిరే కవర్లు ఆ రూల్ చదివినట్టు కనిపించవు.

అయితే ఆ కవర్లు పనికిరావు. పాలిథిన్‌ను కెమిస్ట్రీ పుస్తకం 'సంతృప్త' పదార్థం అంటుంది. కార్బన్లన్నీ ఏకబంధాలతో హాయిగా సర్దుకున్నాయి, కదిలే అవసరం ఎవరికీ లేదు. పాలిఎసిటిలీన్ 'అసంతృప్త' పదార్థం. ఒక బంధం ఒంటిది, పక్కది జోడు, మళ్లీ ఒంటిది, మళ్లీ జోడు. అంతమాత్రాన కరెంటు పారిపోదు. పార్టీలో అసంతృప్త నేతలున్నంత మాత్రాన ప్రభుత్వం పడిపోతుందా? బయటి నుంచి అయోడిన్ వచ్చి ఒక ఎలక్ట్రాన్‌ను లాక్కుపోవాలి. ఆ ఖాళీ కుర్చీలోకి పక్కవాడు జరుగుతాడు, వాడి కుర్చీలోకి ఇంకొకడు. అప్పుడు మొదలవుతుంది ప్రవాహం. ఈ లాక్కుపోవడాన్ని శాస్త్రవేత్తలు డోపింగ్ అంటారు, మనవాళ్లు ఆకర్ష్ అంటారు.

ఇక వ్యాపారం సంగతి. ఆశ చాలా పెద్దది: సిరాలా కరిగించి, శుభలేఖలు వేసినట్టు సర్క్యూట్లు అచ్చువేయవచ్చని. కానీ పాలిఎసిటిలీన్ గాలి తగిలితేనే పాడైంది. 1990లో కేంబ్రిడ్జి వాళ్లు కరెంటుతో వెలిగే పాలిమర్‌ను చూపించారు. దాంతో బజారుకొచ్చిన తొలి సరుకుల్లో ఒకటి, 2002లో ఫిలిప్స్ గడ్డం మెషిన్ మీది బుల్లి తెర. మన ఫోన్ల ఓలెడ్ తెరల్లో వెలిగేవి ఎక్కువగా పొడవాటి గొలుసుల్లాంటి పాలిమర్లు కావు, 1987లో కొడాక్ వాళ్లు చూపించిన చిన్న అణువుల వంశం. పెళ్లిచూపులు అన్నకు, పెళ్లి తమ్ముడికి. ప్లాస్టిక్ లాజిక్ అనే కంపెనీ 2010 జనవరిలో 'క్యూ' అనే ఈ-రీడర్‌ను ఘనంగా చూపించి, అమ్మకముందే అదే ఏడాది ఆపేసింది. ప్లాస్టిక్ సోలార్ పొరలు చేసిన కొనార్కా 2012లో దివాలా తీసింది.

ఈ చరిత్ర విని బయటి ఊళ్లవాళ్లు నిరాశపడొచ్చు. మేం పడం. 1980లలో కాజీపేటకు అనుకున్న కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపూర్తలాకు వెళ్లిపోయింది. 2023 జులైలో కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. మధ్య కాలమంతా మా దగ్గర ఉన్నది పొటెన్షియలే. పాలిమర్ ఎలక్ట్రానిక్స్‌కు ప్రపంచ రాజధాని కావడానికి ఇంతకన్నా అర్హత ఏ ఊరికుందో చెప్పండి.

అన్యాయంగా మాట్లాడకూడదు కాబట్టి ఒకటి ఒప్పుకుంటాను. కంప్యూటర్ బోర్డుల మీది కొన్ని కెపాసిటర్లలో కరెంటు పారే పాలిమర్ ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉంది. దాని మీద సెమినార్ ఎవరూ పెట్టలేదు. పనిచేసేవాటికి ఎందుకు పెడతారు?

ఉక్క తట్టుకోలేక బయటికొచ్చాను. గేటు పక్క స్తంభం మీద లైన్‌మన్ ఉన్నాడు. విన్న జ్ఞానం కడుపులో ఆగలేదు. ''తమ్మీ, ప్లాస్టిక్‌లో కూడా కరెంటు పారుతుందట, తెలుసా?'' అని కింది నుంచి అరిచాను.

అతను చేతిలోని కటింగ్ ప్లేయర్ పిడిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

''గీ ముచ్చట నేను కిందికి దిగినంక చెప్పుండ్రి సార్.''