ర్యాంకుల లెక్కలో ఊరికీ చోటుండాలి

బాపట్లలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన బీపీటీ 5204 వరినే మనం సాంబ మసూరి అంటాం. సన్నటి బియ్యం, మంచి రుచి. కానీ ఎండాకు తెగులును తట్టుకోలేదు. పొలంలో రైతు పడిన ఆ బాధే ప్రయోగశాలకు ప్రశ్న అయింది. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి తెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని 2008లో అందించాయి. పొలానికీ ప్రయోగశాలకూ ఇలాంటి బంధం ఉండేలా వ్యవసాయ విశ్వవిద్యాలయాలు బోధన, పరిశోధన, విస్తరణ (తెలిసిన విషయాన్ని జనం దగ్గరకు చేర్చడం) మూడింటినీ కలిపే నడుపుతాయి. బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాదిలో విద్యార్థులు ‘రావెప్’ అనే గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం కింద పల్లెల్లో ఉండి రైతుల దగ్గర పని నేర్చుకుంటారు. దానికి మార్కులు కూడా ఉంటాయి.

మిగతా విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఊరి సేవ అంటే జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) వాళ్ల పనే. ఏడు రోజుల క్యాంపు, ఫొటోలు, ఒక నివేదిక, అంతటితో సరి. మనం పెట్టుకున్న కొలతలే దీనికి కారణం. విశ్వవిద్యాలయాలకు కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో బోధనకు 30 శాతం, పరిశోధనకు 30 శాతం. ‘ఔట్‌రీచ్’కు, అంటే అందరికీ చేరువ కావడానికి, ఇచ్చిన 10 శాతంలో ప్రధానంగా చూసేది ఇతర రాష్ట్రాల విద్యార్థులు, మహిళలు, పేదలు, దివ్యాంగుల సంగతి. అది చూడాల్సిందే. అయితే చుట్టుపక్కల ఊళ్లకు జరిగిన మేలు అందులో కనిపించదు. విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసి గుర్తింపునిచ్చే న్యాక్ పరిశోధననూ విస్తరణనూ ఒకే ప్రమాణం కింద చేర్చినా, ఎన్ని కార్యక్రమాలు చేశారు, ఎంతమంది వచ్చారు అన్న అంకెల దగ్గరే చూపు ఆగిపోతోంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. ఆ ప్రాంత కాలేజీల్లో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కు ఏటా ఊరి బోర్ల నీళ్లనే తీసుకోవచ్చు కదా! పిల్లలకు పాఠం వస్తుంది, ఏళ్ల తరబడి సమాచారం పోగై పరిశోధకులకు పనికొస్తుంది, ఫలితాల కాగితం పంచాయతీకి చేరుతుంది. కొత్త భవనాలేమీ అక్కర్లేదు. టైంటేబుల్‌లో చోటు, ప్రయాణ ఖర్చు, నమూనాలు సేకరించడంలో సరైన శిక్షణ ఉంటే మొదలుపెట్టొచ్చు. దగ్గరుండి చేయించే అధ్యాపకులు మాత్రం తప్పనిసరి. ఖాళీలు నింపకుండా గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తూ ఇవన్నీ ఆశించడం అన్యాయం. ఊళ్లో చేసిన ఇలాంటి పనికి పదోన్నతిలో పరిశోధన పత్రంతో సమానమైన విలువ ఇవ్వాలి.

ప్రతి విద్యాసంస్థ తన నాణ్యతను తానే చూసుకునే అంతర్గత నాణ్యత విభాగంలో స్థానిక సమాజం నుంచి ఒకరు ఉండాలని న్యాక్ ఇప్పటికే చెబుతోంది. ఆ స్థానం సర్పంచ్‌కో, ఆశా కార్యకర్తకో ఇవ్వాలి. వాళ్లు అడిగిన ప్రశ్న ఏ కోర్సులోకి వెళ్లింది, ఏ పరిశోధనకు దారితీసింది, ఊరికి ఏం జవాబు అందింది అన్నది వార్షిక నివేదికలో తప్పక రాయించాలని మేం కోరుతున్నాం.