బిల్లు పడని రోగం లెక్కలోకి రాదు

హెల్త్ సర్వే ఫారం ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఎక్కడో మధ్యలో ఒక ప్రశ్న ఉంటుంది, గత నెల రోజుల్లో డాక్టర్ దగ్గరికి వెళ్లారా అని. అవును అంటే దాని కింద వరసగా పేజీడు ప్రశ్నలు, ఏ జబ్బు, ఎంత ఖర్చయింది, ఎన్ని రోజులు పని మానేశారు అంటూ. లేదు అంటే పక్కనే ఒక చిన్న బాణం గుర్తు, నేరుగా తర్వాతి సెక్షన్‌కి వెళ్లండి అని. సర్వే చేసే కుర్రాడికి ఆ బాణం కనపడితే ప్రాణం లేచొస్తుంది, పావుగంట మిగిలింది కదా మరి. కానీ లేదు అన్న మనిషి ఎందుకు వెళ్లలేదో రాసుకోడానికి కొన్ని ఫారాల్లో చోటే ఉండదు. ఒంట్లో బాగానే ఉండి వెళ్లలేదా, చేతిలో డబ్బుల్లేక వెళ్లలేదా, ఆ రోజు కూలి పోతుందని వెళ్లలేదా, మంచం పట్టిన అత్తగారిని ఎవరికి అప్పజెప్పాలో తెలీక వెళ్లలేదా, అన్నిటికీ కలిపి ఒకటే టిక్కు. కంప్యూటర్‌లోకి ఎక్కేసరికి ఆ మనిషి ఆరోగ్యవంతుల ఖాతాలో పడిపోతాడు.

ఆరోగ్యం, సంరక్షణ, సామాజిక అసమానతలు అని యూనివర్సిటీల్లో జరుగుతున్న పరిశోధన మీద నా గొడవంతా ఆ బాణం దగ్గరే. పరిశోధన జరగట్లేదని కాదు, కుప్పలు తెప్పలుగా జరుగుతోంది. కానీ అది లెక్కపెట్టేది ఎక్కువగా వ్యవస్థ గడప తొక్కినవాళ్లని. గడప దాకా రాలేనివాళ్లు లెక్కలో లేకపోవడం ఒక ఎత్తు, ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్కలోకి రావడం ఇంకో ఎత్తు. రెండోదే ఎక్కువ ప్రమాదం అంటాను నేను, ఎందుకంటే లేని డేటా అయితే కనీసం లేదని తెలుస్తుంది.

ఇది కొత్త సంగతేం కాదు. 1943 బెంగాల్ కరువు తర్వాత, 1944లో కలకత్తా దగ్గర సింగూరులో ఒక సర్వే చేశారు. భార్య పోయిన మగవాళ్లని మీ ఆరోగ్యం ఎలా ఉందంటే దాదాపు సగం మంది బాగాలేదనో అంతంతమాత్రమనో చెప్పుకున్నారు. భర్త పోయిన ఆడవాళ్లని అదే ప్రశ్న అడిగితే వందకి ముగ్గురు కూడా ఆ మాట అనలేదు. కరువు చూసిన ఊళ్లో వితంతువులు ఉక్కుముక్కల్లా ఉన్నారని ఎవరైనా నమ్ముతారా? తన ఒంటికి కూడా ఒక బాగోగు ఉంటుందని, దాని గురించి ఎవరో అడుగుతారని వాళ్లకి ఎప్పుడూ అనిపించి ఉండదు, అంతే. ఈ సర్వేని అమర్త్యసేన్ మళ్లీ మళ్లీ గుర్తు చేశారు. 2002లో ఒక మెడికల్ జర్నల్‌లో ఆయనే ఇంకో పోలిక పెట్టారు, దేశంలో ఎక్కువ కాలం బతికేది కేరళ వాళ్లు, జబ్బుగా ఉన్నామని ఎక్కువ చెప్పేదీ వాళ్లే, ఆయుర్దాయం బాగా తక్కువున్న బీహార్‌లో మాత్రం జబ్బుందని చెప్పేవాళ్లు తక్కువ అని. జబ్బుగా ఉన్నామని చెప్పుకోవడంలో అమెరికన్లు కేరళని కూడా మించిపోయారు. అంటే సర్వేలో రోగాలు ఎక్కువ కనపడుతున్నాయంటే అక్కడ రోగాలు ఎక్కువని అర్థం కాకపోవచ్చు, రోగాన్ని రోగం అని గుర్తుపట్టే చదువు, చూపించుకునే చోటు ఉన్నాయని కావచ్చు. ఆ అంకెలే చూసుకుని డబ్బు ఎక్కడికి పంపాలో తేల్చే ఆఫీసర్ ఉన్నాడనుకోండి, బీహార్‌కి ఏం మిగులుతుందో ఆలోచించండి.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 2008లో ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్‌కి సీట్లు తక్కువ, అడిగినవాళ్లు ఎక్కువ, దాదాపు 90 వేల మంది. సరే అని లాటరీ తీశారు. పరిశోధకులకి అంతకంటే వరం ఏముంటుంది, పేరు వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ పక్కపక్కన పెట్టి చూశారు. రెండేళ్లకి డిప్రెషన్ తగ్గింది, అప్పుల బాధ తగ్గింది, బీపీ కొలెస్ట్రాల్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. దీని మీద రెండు పార్టీల వాళ్లు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు, అది వదిలేయండి. నాకు ఆసక్తి అనిపించింది వేరే అంకె. ఇన్సూరెన్స్ వచ్చినవాళ్లలో షుగర్ ఉందని కొత్తగా బయటపడ్డవాళ్లు పెరిగారు. ఇన్సూరెన్స్ వల్ల షుగర్ రాదు కదా, అంతకుముందు నుంచీ ఒంట్లో ఉన్నదే కాగితం మీదకి ఇప్పుడొచ్చింది.

ఇక్కడిదాకా మనుషులు చేసిన లెక్కలు, ఇప్పుడు మెషిన్ చేసిన లెక్క చూద్దాం. అమెరికా ఆసుపత్రుల్లో ఒక ఆల్గరిథమ్ బాగా వాడకంలో ఉండేది, ఎవరికి ఎక్స్‌ట్రా కేర్ అవసరమో ముందే పసిగట్టి చెప్పడానికి. స్కోర్ ఎక్కువొస్తే ప్రత్యేకంగా నర్సులు ఫాలోఅప్ చేస్తారు, అపాయింట్‌మెంట్లు తొందరగా దొరుకుతాయి. 2019లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో దీని గుట్టు బయటపెట్టారు. ఆ ఆల్గరిథమ్‌కి మనిషి జాతి ఏంటో అసలు ఇవ్వలేదు, కాబట్టి పక్షపాతం ఉండే ఛాన్సే లేదని అందరూ అనుకున్నారు. కానీ అది ఊహిస్తున్నది ఎవరికి జబ్బు ముదురుతుందని కాదు, ఎవరి మీద ఎంత ఖర్చవుతుందని. పైకి చూస్తే లాజిక్ బాగానే ఉంది, జబ్బు ఎక్కువుంటే ఖర్చు ఎక్కువవుతుంది కదా అని. అయితే అవే దీర్ఘకాలిక జబ్బులు అన్నే ఉన్నా నల్లజాతి పేషెంట్ల మీద ఏడాదికి దాదాపు 1,800 డాలర్లు తక్కువ ఖర్చవుతోంది, ఎందుకంటే వాళ్లకి ఆసుపత్రి అందడమే తక్కువ, అందినా చేసేది తక్కువ. మెషిన్ దాన్ని ఎలా అర్థం చేసుకుందంటే, వీళ్లకి పెద్దగా జబ్బు లేదు అని. ఈ తేడా సరిచేస్తే ఎక్స్‌ట్రా కేర్ లిస్ట్‌లో నల్లజాతి పేషెంట్ల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పోతుందని తేల్చారు. ఎవరూ కావాలని అన్యాయం చేయలేదు, ఎక్కడా చెడ్డవాడు లేడు, బిల్లుని చూసి రోగం అనుకున్నారు అంతే, సర్వే ఫారంలో బాణం గుర్తు చేసే పని కూడా అదే.

పెద్ద పెద్ద డేటాబేస్‌లు వచ్చాయి కదా, ఇక ఈ సమస్య తీరిపోతుంది అనేవాళ్లు ఉన్నారు. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ అని 5 లక్షల మంది రక్తం, జన్యువులు, అలవాట్లు అన్నీ దాచిపెట్టిన నిధి ఉంది, ప్రపంచమంతా దాని మీద పేపర్లు రాస్తోంది, నిజంగా గొప్ప పని, కాదనను. కానీ 2006 నుంచి 2010 మధ్యలో దానికోసం 92 లక్షల మందికి ఉత్తరాలు పంపితే వచ్చింది నూటికి ఐదుగురు చిల్లర. ఎవరు వచ్చుంటారు? పని వదిలేసి ఒక పూట కేటాయించగలిగినవాళ్లు, సెంటర్‌ దాకా ప్రయాణం చేయగలిగినవాళ్లు. తర్వాత వాళ్లని మామూలు జనంతో పోల్చి చూస్తే 70 దాటినవాళ్లలో చావుల రేటు దాదాపు సగమే ఉంది. పేద ఏరియాల వాళ్లు తక్కువ, పొగ తాగేవాళ్లు తక్కువ. స్టాటిస్టిక్స్ వాళ్లు వెయిట్లు వేసి, అంటే తక్కువ వచ్చినవాళ్లలో ఒక్కొక్కరినీ ఒకరికంటే ఎక్కువగా లెక్కేసి, సరిచేస్తాం అంటారు, కొంతవరకు అవుతుంది కూడా, కానీ వచ్చిన ఒక పేదవాడికి ఎంత వెయిట్ వేసినా రాని పేదవాడు అయిపోడు కదా, వచ్చినవాడికీ రానివాడికీ తేడా ఆ రాగలగడంలోనే ఉంది.

దీనికి రివర్స్‌లో వైట్‌హాల్ స్టడీ ఎందుకు అంత గట్టిగా నిలబడిందో చూడండి. 1967లో లండన్‌లో దాదాపు 18 వేల మంది ప్రభుత్వ ఉద్యోగుల్ని, అందరూ మగవాళ్లే, తీసుకుని ఏళ్ల తరబడి గమనించారు. అట్టడుగు గ్రేడ్ వాళ్ల చావుల రేటు పై గ్రేడ్ వాళ్లకంటే మూడింతలు. సిగరెట్, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కేసినా ఆ తేడాలో సగం కూడా వివరించలేకపోయారు. అంతకంటే పెద్ద విషయం, ఇది పేదలు ఇటు మిగతావాళ్లు అటు అన్నట్టు లేదు, మెట్లు మెట్లుగా ఉంది, ఒక్కో మెట్టు దిగేకొద్దీ ఆయుష్షు తగ్గుతూ పోయింది, రెండో మెట్టు మీద ఉన్నాయన కూడా పై మెట్టు ఆయనకంటే ముందే పోతున్నాడు. ఇంత స్పష్టంగా ఎలా దొరికింది? అందరి పేర్లూ ఆఫీస్ రిజిస్టర్‌లో ఉన్నాయి కాబట్టి. ఉద్యోగం, జీతం, డెస్క్ ఉన్నవాళ్లలోనే ఇంత తేడా ఉంటే రిజిస్టర్‌లోనే లేనివాళ్ల సంగతి ఏంటి అనేది ఆ స్టడీ చెప్పలేదు, చెప్పగలిగేదీ కాదు. 1985లో రెండో విడత మొదలుపెట్టినప్పుడు ఆడవాళ్లని చేర్చారు, 10,308 మందిలో మూడోవంతు దాకా.

ఇక సంరక్షణ దగ్గరికొస్తే పరిస్థితి ఇంకా ఘోరం. ఇంట్లో ముసలివాళ్లని, మంచం మీద ఉన్నవాళ్లని, వికలాంగులైన పిల్లల్ని చూసుకునేవాళ్లకి మన వాడుక భాషలో ఒక పేరు కూడా లేదు గమనించారా, 'చూసుకుంటోంది' అంటాం అంతే, క్రియే గానీ నామవాచకం లేదు. ఏం చేస్తుంటావమ్మా అని అడిగితే ఏం లేదండీ ఇంట్లోనే ఉంటాను అంటుంది, రాత్రి మూడుసార్లు లేచి పక్క మార్చిన మనిషి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్కేస్తే 64 దేశాల్లో రోజుకి 1,640 కోట్ల గంటలు జీతం లేని సంరక్షణ పనికే పోతున్నాయట, అంటే 200 కోట్ల మంది రోజుకి 8 గంటలు ఊరికే పనిచేసినట్టు. అందులో నాలుగింట మూడొంతులు ఆడవాళ్లదే.

ఆ పని ఒంటి మీద ఎలా పడుతుందో చూపించిన ఒక చిన్న ప్రయోగం నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. 1995లో అమెరికాలో 13 మంది ఆడవాళ్లని తీసుకున్నారు, అందరూ ఇంట్లో మతిమరుపు జబ్బు వచ్చిన బంధువుని చూసుకునేవాళ్లు. వాళ్ల వయసే ఉండి అలాంటి బాధ్యత లేని ఇంకో 13 మందిని తీసుకున్నారు. అందరి చేతి మీదా మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేశారు, అన్నం మెతుకంత కూడా ఉండదు. అది మానేదాకా చూశారు. బాధ్యత లేనివాళ్లకి సగటున 39 రోజుల్లో మానింది, చూసుకునేవాళ్లకి 48 రోజులు దాటింది. తొమ్మిది రోజుల తేడా. ఆ తొమ్మిది రోజులు ఏ బిల్లులోనూ రావు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, దాచిపెట్టడం నాకిష్టం లేదు. 1999లో వచ్చిన ఒక స్టడీలో భార్యనో భర్తనో చూసుకుంటూ నలిగిపోతున్న పెద్దవాళ్లు నాలుగేళ్లలో చనిపోయే ముప్పు 63 శాతం ఎక్కువ అని తేలింది, 2013లో ఇంకొకటి వచ్చి ఇంట్లోవాళ్లని చూసుకునేవాళ్లకి చావు ముప్పు 18 శాతం తక్కువ అంది. ఏది నిజం? నాకు తెలిసి రెండూ నిజమే. మొదటిదాంట్లో నలిగిపోతున్నాం అని చెప్పినవాళ్లని విడిగా తీశారు, రెండోదాంట్లో అందరినీ కలిపారు, పైగా అసలు చూసుకునే పనిలోకి దిగేదే ఒంట్లో కాస్త సత్తువ ఉన్నవాళ్లు, మరీ నలిగిపోయినవాళ్లు సర్వే ఫోన్ ఎత్తరు. మళ్లీ అదే తంతు, కనపడేవాళ్లతో కనపడనివాళ్ల గురించి తీర్పు చెప్పడం.

అసలు ఇంత లెక్కలెందుకు, తెలిసింది చాలు, పని మొదలుపెట్టండి అనేవాళ్ల మాటలో కూడా న్యాయం ఉంది. 1848లోనే విర్కో అనే జర్మన్ డాక్టర్ టైఫస్ అనే అంటుజ్వరం గురించి రిపోర్ట్ రాయమంటే మందులకి బదులు ప్రజాస్వామ్యం, చదువు కావాలని రాశాడు. 1980లో బ్రిటన్‌లో, డగ్లస్ బ్లాక్ అనే డాక్టర్ పేరు మీద, బ్లాక్ రిపోర్ట్ వచ్చింది, పేద ధనిక వర్గాల ఆరోగ్యంలో తేడా తగ్గట్లేదని, దానికి ముఖ్య కారణం జీవన పరిస్థితులేనని తేల్చింది. రిపోర్ట్ అడిగిన ప్రభుత్వం అప్పటికే దిగిపోయింది, కొత్త ప్రభుత్వం దాన్ని సరిగ్గా ఆగస్టులో లాంగ్ వీకెండ్ ముందు, 260 కాపీలు మాత్రమే తీసి వదిలింది, ప్రెస్ మీట్ కూడా పెట్టలేదు. చెప్పినవన్నీ చేయాలంటే అంత ఖర్చు పెట్టడం కుదిరే పని కాదని మంత్రిగారు ముందుమాటలోనే రాసేశారు. తర్వాత 1998లో ఒక రిపోర్ట్, 2010లో ఇంకోటి, 2020లో మళ్లీ ఒకటి, అన్నీ దాదాపు అదే మాట. తెలియక ఆగింది కాదు అది. అయినా లెక్క ఆపేయమని నేను అనను, ఎందుకంటే ఈ రోజు డబ్బు కదిలేది లెక్కని బట్టే, లెక్క తప్పైతే డబ్బు మళ్లీ ఉన్నచోటికే పోతుంది.

మరి గడప దాకా రానివాళ్లని ఎలా లెక్కపెడతారు? వేల్స్‌లో గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగని ఊళ్లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టర్ ఉండేవాడు. వైద్యం ఎక్కువ అవసరం ఉన్నచోటే మంచి వైద్యం తక్కువ దొరుకుతుంది అని 1971లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో రాసింది ఆయనే, ఆ సూత్రాన్ని ఇప్పటికీ అందరూ కోట్ చేస్తారు. ఆయన చేసిన పని గురించి మాత్రం తక్కువ మాట్లాడతారు. ఊళ్లో పెద్దవాళ్లందరి బీపీ చూడాలని పెట్టుకున్నాడు, అందరిదీ అంటే అందరిదీ. దగ్గు అని వచ్చినా నడుం నొప్పి అని వచ్చినా ముందు చేతికి పట్టీ చుట్టేవాడు, అసలు రానివాళ్ల జాబితా రాసుకుని ఒక్కొక్కరినీ వెతికి పట్టుకునేవాడు. ఫారంలో బాణం ఉన్నచోట ఈయన పని మొదలయ్యేది. మొత్తం లెక్క తేల్చి 1991లో పేపర్ రాశాడు, పక్కనే ఉన్న, ఇలా వెతికి చూసే పద్ధతి లేని ఊరితో పోలిస్తే తన ఊళ్లో చావుల రేటు తక్కువగా ఉందని. కొత్త మందేం లేదు, కొత్త మెషిన్ లేదు, ఎవరు రాలేదో రాసుకున్న ఒక జాబితా, దాని వెంట తిరిగిన 25 ఏళ్లు. మామూలుగా ఒక రీసెర్చ్ గ్రాంట్ ఇచ్చేది మూడేళ్లకి, మరీ పెద్దదైతే ఐదేళ్లకి.