పొలం అమ్మే ముందు మెడికల్

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా ఇంటర్ ఎంపీసీ పిల్లలకు కాలేజీలు చూపించే దారి ఒక్కటే: ఎప్‌సెట్ ర్యాంకు, కంప్యూటర్ సైన్స్ సీటు. అదే ఎంపీసీతో విమానం నడపొచ్చని చెప్పే లెక్చరర్ అరుదు. పైలట్ అవుతానని పట్టుబట్టిన పిల్లలకు చివరికి దిక్కయ్యేది కమీషన్ మీద బతికే అడ్మిషన్ ఏజెంట్లు. వాళ్లు ముందు అడిగేది అడ్వాన్సు. మెడికల్, పరీక్షలు, లైసెన్సు అన్నీ ‘తర్వాత చూసుకుందాం’ అంటారు. తల్లిదండ్రులు పొలం బేరానికి పెట్టాక అబ్బాయికో అమ్మాయికో వైద్య పరీక్షలో తేడా వస్తే ఆ ఇంటి సంగతేమిటి? క్లాస్ 1 మెడికల్ సర్టిఫికెట్ చేతికి రాకముందు ఒక్క గుంట కూడా అమ్మొద్దని ఈ పత్రిక గట్టిగా చెబుతోంది.

పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ నిబంధనల్లో రహస్యమేం లేదు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. బైపీసీ చదివినవాళ్లు మ్యాథ్స్ పేపరు ఓపెన్ స్కూల్లో రాసుకునే దారి ఉంది. వైద్య పరీక్షలు రెండు మెట్లు: ముందు క్లాస్ 2, ఆపై క్లాస్ 1. రెండూ డీజీసీఏ గుర్తించిన డాక్టర్లు, కేంద్రాల దగ్గరే చేయించుకోవాలి. చూపు, వినికిడి, ఈసీజీ, రక్తం అన్నీ చూస్తారు. కళ్లద్దాలున్నంత మాత్రాన ఎవరినీ పక్కన పెట్టరు, నిర్ణీత పరిమితిలో ఉంటే అద్దాలతోనే ఫిట్ అంటారు. రంగులు సరిగ్గా పోల్చుకోలేకపోవడం మాత్రం పెద్ద అడ్డంకి. చుక్కల బొమ్మలో అంకె ఎంతో చెప్పమని పుస్తకం ముందు పెట్టేదాకా తమకు ఆ లోపం ఉందని చాలామంది మగపిల్లలకు తెలియనే తెలియదు. వేలల్లో అయ్యే ఈ ఖర్చును ముందు పెట్టుకుంటే లక్షల్లో మునగకుండా బయటపడొచ్చు.

మెడికల్ తర్వాత రాత పరీక్షల మెట్టు కూడా ఇంట్లో ఉండి ఎక్కగలిగిందే. ఎయిర్ నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు ఒక్కోదానిలో 70 శాతం మార్కులు రావాలి. టవర్‌తో రేడియోలో మాట్లాడేందుకు రాసే రేడియో టెలిఫోనీ పరీక్ష వేరే. వీటిలో చాలావరకు విమానం తలుపు ముట్టుకోకముందే రాయొచ్చు. నావిగేషన్‌లో గాలి దిశ, వేగం పట్టి దారి సరిచేసే లెక్కలు ఇంటర్ వెక్టర్లు వంటబట్టినవాళ్లకు కొరుకుడు పడనివి కావు. తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లిష్ చూసి జంకుతారు. పైలట్‌కు కావాల్సింది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ చెప్పిన నాలుగో స్థాయి ఇంగ్లిష్. మన యాస ఉన్నా ఫర్వాలేదు, టవర్‌లో ఉన్న మనిషికి మాట స్పష్టంగా అందాలి. ఈ పేపర్లు గట్టెక్కినవాళ్లకు తమ సత్తా ఏమిటో కొంత తెలుస్తుంది. ఆసక్తి ఆర్నెల్లకే ఆవిరైందా, అదీ తక్కువ ఖర్చులోనే తేలిపోతుంది.

అసలు ఖర్చు 200 గంటల ఫ్లయింగ్‌లో ఉంది. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదిగా నడపాలి. 300 నాటికల్ మైళ్ల సుదూర ప్రయాణం, రాత్రిపూట టేకాఫ్‌లు, ల్యాండింగులు కూడా చేయాలి. ఒకటికి మించి ఇంజన్లున్న విమానాలకు మల్టీ ఇంజన్ రేటింగు, మీటర్లు చూసి నడపడానికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగు అనే అనుమతులు లేకుండా ఎయిర్‌లైన్ గుమ్మం తొక్కలేరు. మొత్తానికి రూ.40 లక్షల నుంచి 60 లక్షలదాకా అవుతుంది. బ్రోషర్ మీద వేసిన అంకె ఎప్పుడూ చివరి అంకె కాదు. హాస్టల్ అందులో ఉందా, ఇంధనం ధర పెరిగితే ఎవరు కట్టాలి, నైపుణ్యం పరీక్షించే చెక్ ఫ్లయిట్‌లో తప్పితే అదనపు గంటకు ఎంత, నడిచే విమానాలెన్ని, ఇన్‌స్ట్రక్టర్లెందరు అని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. ఒక్కో విమానం చుట్టూ పదుల మంది విద్యార్థులు వంతుల కోసం కూర్చునేచోట ఏడాదిన్నర కోర్సు మూడేళ్లకు సాగుతుంది. చేరకముందే పాత విద్యార్థి లాగ్‌బుక్, అంటే నడిపిన గంటలు తేదీలవారీగా రాసుకునే పుస్తకం, ఒకటి అడిగి చూడండి. తేదీలకూ తేదీలకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూస్తే ఆ సంస్థ తీరు ఇట్టే తెలిసిపోతుంది. ఫ్లయింగ్ స్కూళ్లకు డీజీసీఏ 2025లో గ్రేడ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తొలి విడతలో పైరెండు శ్రేణుల్లో ఒక్క సంస్థకూ చోటు దక్కలేదు. అడ్డదారి సంగతీ చెప్పుకోవాలి: నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సు తీసుకున్న పైలట్లు 2011లో జైలు పాలయ్యారు.

భద్రత మాట నల్లగొండ జిల్లాకు పరాయిది కాదు. నాగార్జునసాగర్ ఆవలి ఒడ్డున, విజయపురి సౌత్‌లో ఎయిర్‌స్ట్రిప్ ఉంది. 2022 ఫిబ్రవరి 26న అక్కడినుంచి ఎగిరిన సెస్నా శిక్షణ విమానం నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో పొలాల్లో కూలి, ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ పైలట్ చనిపోయింది. ఫీజు తక్కువెక్కడ అని వాకబు చేసే తల్లిదండ్రులు ఆ సంస్థ ప్రమాదాల చరిత్ర కూడా అంతే గట్టిగా అడగాలి.

ఇక డబ్బు. పైలట్ శిక్షణకు బ్యాంకులు విద్యారుణం ఇస్తాయి, కానీ ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. మన దగ్గర ఎక్కువమందికి ఉన్న ఆస్తి వ్యవసాయ భూమి. మొండి బాకీల వసూలుకు బ్యాంకులు వాడే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అంటే బాకీ పడితే బ్యాంకు కోర్టు మెట్లెక్కకుండా దాన్ని స్వాధీనం చేసుకోలేదు. రైతుకు రక్షణగా పెట్టిన నిబంధన రైతు బిడ్డ చదువు దగ్గర ఎదురు తిరుగుతోంది, పట్టా పాసుబుక్కు చూడగానే మేనేజర్లు వెనకాడుతున్నారు. పట్టణంలో చిన్న ఇల్లున్న ఉద్యోగికి సులువుగా పుట్టే అప్పు ఐదెకరాల ఆసామికి పుట్టదు. మిగిలేది పొలం అమ్మడం, లేదా ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తి. రూ.40 లక్షలకు ఆ లెక్కన నెలకు 80 వేలు, రెండేళ్లకు మిత్తే 19 లక్షలు దాటుతుంది. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే టాప్‌క్లాస్ స్కాలర్‌షిప్‌లో ప్రైవేటు సంస్థల ఫీజుకు ఏడాదికి కొన్ని లక్షల పరిమితే ఉంది, అదీ జాబితాలో ఉన్న సంస్థలకే. అసలు ఖర్చు ముందు అది ఏ మూలకు?

లైసెన్సు వచ్చాకా ఖర్చు ఆగదు. ఎయిర్‌బస్ 320కో బోయింగ్ 737కో టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడిపే ప్రత్యేక శిక్షణ, చేయాలంటే మరికొన్ని లక్షలు కావాలి. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు పెట్టాయి. పైలట్ల విశ్రాంతి నిబంధనల రెండో విడత 2025 నవంబరులో అమల్లోకి వచ్చాక, పైలట్లు చాలక డిసెంబరులో ఇండిగో వేల సర్వీసులు రద్దు చేయాల్సి వచ్చింది. గిరాకీ ఉన్న మాట నిజమే. కానీ విమానాలు ఏళ్ల తరబడి విడతలుగా వస్తాయి, నియామకాలూ అంతే. ఖాళీగా గడిపే ఏడాదికి కూడా కుటుంబం దగ్గర కొంత డబ్బు మిగిలి ఉండాలి.

మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం గుడిబండ పేరు ప్రతిపాదిత విమానాశ్రయాల జాబితాలో ఏళ్లుగా వినబడుతోంది. దానివల్ల ఇప్పటిదాకా ఎగిరింది భూముల రేట్లే. రన్‌వే వచ్చేదాకా ఆగక్కర్లేని పనులు ప్రభుత్వం ముందు రెండున్నాయి. పాలమూరు యూనివర్సిటీలో, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో గ్రౌండ్ సబ్జెక్టులకు, అంటే పైన చెప్పిన రాత పేపర్లకు, సాయంత్రపు తరగతులు పెట్టొచ్చు. గదులున్నాయి, ఫిజిక్స్, మ్యాథ్స్ అధ్యాపకులున్నారు, వాతావరణ శాస్త్రం చెప్పడానికి రిటైరైన వైమానిక దళ ఉద్యోగులను పిలవొచ్చు. రెండోది రుణ హామీ. క్లాస్ 1 మెడికల్ పొంది, డీజీసీఏ పేపర్లు పాసైన గ్రామీణ విద్యార్థికి ఏడున్నర లక్షలకు పైబడిన అప్పుకు రాష్ట్ర ప్రభుత్వమే పూచీ ఉండాలి. అంత దూరం వచ్చినవాళ్లు ప్రతి జిల్లాలో కొద్దిమందే ఉంటారు కాబట్టి ఖజానాకు పెద్ద బరువేం కాదు. వచ్చే జిల్లా బ్యాంకర్ల సమావేశం ఎజెండాలో కలెక్టర్లు ఈ అంశం చేర్చాలి, ఇంటర్ ఫలితాలు వచ్చేలోగా నిర్ణయం ప్రకటించాలి.